దానికి కూడా నీళ్లు పోయాలె

మా అత్తగారింట్లో ఎవరికి నొప్పులు మొదలైనా, మంత్రసాని గడప తొక్కేలోపే ఒక రాగి చెంబు తోమి, నిండా నీళ్లు పోసి, మూత పెట్టి గది మూలన ఉంచేవాళ్లు. గరిడేపల్లి పక్కన పల్లె అది. మా మామ ఆ ఊరి కతోలిక గుడికి ఉపదేశి. అంటే, నెలకోసారి మోటార్ సైకిల్ మీద వచ్చే ఫాదర్ కోసం ఎదురుచూస్తూ, మిగతా రోజుల్లో ఊరి వాళ్ల చేత జపాలు చెప్పించే మనిషి. పుట్టిన బిడ్డ బతకదనిపిస్తే ఫాదర్ వచ్చేదాకా ఆగకూడదు. అక్కడున్న వాళ్లెవరైనా సరే బిడ్డ తల మీద నీళ్లు పోసి, పిత పుత్ర పవిత్రాత్మ నామం చెప్పి జ్ఞానస్నానం ఇచ్చేయాలి. ప్రాణం ఉందో లేదో తెలియకపోతే "నీకు ప్రాణముంటే" అని ముందు చేర్చి పోయాలి. మామ తన పిల్లలకు ఎక్కాలతో పాటు ఇది కూడా నేర్పాడు. జ్ఞానస్నానం లేని బిడ్డను సమాధుల ప్రహరీ గోడకు బయట పెట్టిన రోజులు ఆయన కళ్లారా చూసినవే.

ఇదంతా పెళ్లయ్యాక విని నేను నవ్వాను. నాది కోదాడ. మేమూ కతోలికులమే, కానీ మా అమ్మ నన్ను దవాఖానలో కన్నది. చెంబులూ మూతలూ మాకు తెలియవు. పైగా జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, కోదాడలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేరి ఉన్నాను. నా మొగుడు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఫిట్టర్. మిర్యాలగూడలో కాపురం, కోదాడలో కొలువు. రోజూ పొద్దున హుజూర్‌నగర్ మీదుగా బస్సులో పోవడం, సాయంత్రం దుమ్ము కొట్టుకుని రావడం. "లెక్చరర్ మేడం వచ్చిండ్రు, కుర్చీ వెయ్యుండ్రి" అని ఆయన అరుగు మీద నుంచే ఎగతాళి మొదలుపెట్టేవాడు. ఆ కుర్చీ తనే వేసేవాడు, టీ కూడా తనే పెట్టేవాడు, ఆ మాట కూడా చెప్పాలి.

2002లో నాకు మూడో నెలలో గర్భం పోయింది. మిషన్ దవాఖానలో నర్సు పని చేసే సిస్టర్ ఒకావిడ ఉండేది, కేరళ మనిషి, తెలుగు విరిచి మాట్లాడేది. ఆవిడ ఒక స్టీలు గిన్నెలో దాన్ని పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పి పక్కకు తీసుకుపోతుంటే ఈయన అడ్డం పోయి నిలబడ్డాడు. గుడ్డ తీశాడు. సీసాలో తాగే నీళ్లుంటే అవే తీసుకుని, "నీకు ప్రాణముంటే" అని మొదలుపెట్టి, పేరు పెట్టి, నీళ్లు పోశాడు. నేను మంచం మీద నుంచి చూస్తున్నాను. అప్పటికి అది ఎంతుంటుందో, దానికి ఏ అవయవాలు వచ్చి ఉంటాయో, ఏవి రాకుండా ఉంటాయో నాకు పుస్తకం తిరగేయకుండా తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఆయన పెట్టిన పేరు బాగుందనిపించింది. ఆ పేరు ఇక్కడ రాయను.

దాన్ని మిర్యాలగూడ సమాధుల స్థలంలో, గోడకు లోపలి వైపున పాతిపెట్టాడు. మీద ఇంత ఇటుక ముక్క. నవంబర్ రెండున ఆత్మల పండుగకు అందరూ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు పెట్టుకుంటే, ఈయన ఆ ఇటుక ముక్కకు సున్నం వేసి వచ్చాడు.

మరుసటి ఏడు మా విచారణకు, అంటే మా గుడికీ దాని కింది ఊళ్లకూ, ఒక పడుచు ఫాదర్ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, చదువుకున్నవాడు, మాట మెత్తన. ఆ రోజుల్లో పేపర్ల నిండా క్లోనింగ్ గోలే. గొర్రెను చేశారు, ఇగ మనిషిని చేస్తారట అని. మా కాలేజీలో గొర్ల కాపర్ల పిల్లలు "మేడం, మా మందల మంచి పొట్టేలు ఒక్కటే ఉంది, దాన్నే ఓ యాభై చేసియ్యమను" అని నన్ను ఆటపట్టించేవాళ్లు. ఫాదర్ ఒక ఆదివారం పూజ అయ్యాక నన్ను ఆపి, "మీరు జువాలజీ కదమ్మా, మన యువతకు మీరే చెప్పండి. నేను చెబితే ప్రసంగం అంటారు, మీరు చెబితే పాఠం అంటారు" అన్నాడు.

చెప్పాను. బ్రహ్మాండంగా చెప్పాను. అండంలోంచి కేంద్రకాన్ని తీసేయడం, ఒంట్లోని మామూలు కణం కేంద్రకాన్ని అందులో పెట్టడం, అది పిండంగా విభజన చెందడం, అన్నీ బోర్డు మీద గీసి చూపించాను. చివర్లో, రోగం నయం చేయడానికే అయినా, పిండాన్ని తయారుచేసి పగలగొట్టి కణాలు తీసుకోవడాన్ని మా కతోలిక శ్రీసభ ఒప్పుకోదనీ, మనిషిని మందు సీసాలా వాడకూడదనీ చెప్పాను. ఈయన ముందు బెంచీలో కూర్చుని, పక్కవాళ్ల వైపు చూస్తూ, నా పెళ్లాం అన్నట్టు తల ఎగరేశాడు. ఇంటికొచ్చాక "ఒక్క ముక్క అర్థం కాలే గని, మస్తు చెప్పినవ్" అన్నాడు.

ఆ ఏడాది చివర్లో, వానాకాలం వడ్లు మిల్లులకు దిగుతున్న రోజుల్లో, ఆయన ఎలివేటర్ బెల్టు సరిచేయబోయి పైనున్న ఇనుప పలక మీద నుంచి పడ్డాడు. వడ్లను కింది గుంతలోంచి పైకి తోడే యంత్రం అది. వడ్ల మీద పడితే బతికిపోయేవాడే. గుంత అంచున ఉన్న ఇనుప పట్టీ మీద వెన్ను తగిలేలా పడ్డాడు.

హైదరాబాదు పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశారు. డాక్టర్ నాకు జువాలజీ తెలుసని తెలిసి, మర్యాద ఇచ్చి, ఫిల్మ్ వెలుతురుకు పెట్టి చూపించాడు. వెన్నుపాము ఎక్కడ నలిగిందో నేనే వేలు పెట్టి చూపించగలిగాను. నడుము కింద ఇక ఏమీ లేదు. "ఎక్సర్‌సైజులు చేయించండి" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. కాలేజీ పిల్లలకు కప్పను కోసి, వెన్నుపామును తీగలా బయటికి తీసి చూపించిన చేతులు నావి. ఇంతకాలం ఏం చదివావే నువ్వు అని నన్ను నేనే తిట్టుకున్నాను.

తర్వాత సంగతి మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఉచ్చ సంచి, నీళ్ల పరుపు, పక్క మార్చడం, మళ్లీ పక్క మార్చడం. నేను కోదాడ పోతే ఆయన్ను చూసుకోవడానికి, మామ పోయాక ఒక్కతే ఉన్న మా అత్త పల్లె నుంచి వచ్చి ఉండిపోయింది. అప్పటికే ముసలిది. అయినా కొడుకును పక్కకు తిప్పేటప్పుడు "యేసయ్యా, మరియమ్మా, యోసేపయ్యా" అంటూ మూడు పేర్లకు మూడు ఊపులు ఊపి తిప్పేది. ఈయన "ఇంకో పేరు కలపరాదే అవ్వా, సగంల ఆగుతున్న" అనేవాడు. ఆ పరిస్థితిలో కూడా నవ్వించగలిగేవాడు.

2004లో పేపర్లో పడింది. ఎక్కడో దేశంలో మనిషి పిండాన్ని క్లోన్ చేసి, అందులోంచి మూలకణాలు తీశారట. మరుసటి ఏడాది ఇంకో అడుగు పడింది. రోగుల సొంత చర్మం తీసుకుని, వాళ్లకు సరిపోయే కణాలనే తయారుచేశారట. వెన్ను విరిగినవాళ్లు నడుస్తారట. స్టాఫ్ రూములోనే ఆ వార్త చింపి సంచిలో పెట్టుకున్నాను. ఇంతకుముందు యువత ముందు బోర్డు మీద నేను గీసింది ఇదే. అప్పుడు అది బొమ్మ. ఇప్పుడు దాంట్లో నా మొగుడి నడుముంది.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. కోడిగుడ్డు ఒకటి తెచ్చి, ఇది అండం అనుకో, ఇందులోది తీసేసి నీ చర్మంలోని కణం పెడతారు, అది నాలుగైదు రోజులు పెరుగుతుంది అని వివరించాను. ఆయన గుడ్డు వైపే చూస్తూ విన్నాడు.

"తర్వాత?" అన్నాడు.

"తర్వాత అందులోంచి కణాలు తీసి నీ వెన్నుల పెడతరు."

"తీస్తే అది ఉంటదా?"

"ఉండది."

"అంటే పలగ్గొడ్తరు."

"అది ఎవరో కాదయ్యా. నీ చర్మమే. నీ కణమే. నువ్వే అనుకో."

"నేనే అయితే, నన్ను సంపి నన్ను లేపుతవా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అది ఇంకా చుక్కంటే చుక్క, దానికి నరం లేదు, నొప్పి లేదు, సూది మొన మీద కూర్చుంటుంది అని గొంతు లేపాను. ఆయన గొంతు లేపలేదు. "మనదానికి నేను నీళ్లు పోసిన గదా" అన్నాడు. అంతే. కోడిగుడ్డు తీసుకుపోయి అత్తకిచ్చాను. ఆమె దాన్ని ఉడకబెట్టి కొడుక్కే పెట్టింది.

ఫాదర్ దగ్గరికి పోయాను. చేసిన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి కాదు, పోట్లాటకు. పూజ వస్త్రాలు మడతపెట్టే గదిలో నిలబెట్టి అడిగాను. ఆ చుక్క రెండు వారాల లోపు రెండుగా చీలి కవలలు కావచ్చు, మరి అప్పటిదాకా అందులో ఆత్మ ఒకటా రెండా? ఒకటైతే రెండో బిడ్డకు ఎక్కడిది? ఫాదర్ పాపం ఆలోచించాడు. పుస్తకంలోది అప్పజెప్పకుండా ఆలోచించాడు, అందుకే ఆయన మీద కోపం పూర్తిగా రాలేదు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు.

"తెల్వకుంటే ఎందుకు కాదంటరు మరి?"

"తెలీదు కాబట్టేనమ్మా. వడ్ల కుప్ప వెనకాల పిల్లాడు ఉన్నాడో లేడో తెలియకపోతే, ట్రాక్టర్ రివర్స్ చేస్తామా? ఉన్నాడనే అనుకుని ఆపుతాం కదా."

"ట్రాక్టర్ కింద ఇప్పటికే ఒకడు పడి ఉన్నడు ఫాదర్. వాణ్ని తీయాలంటే రివర్సే చెయ్యాలె" అన్నాను.

పెద్దవాళ్ల ఎముక మూలుగ నుంచి తీసే కణాలకు శ్రీసభ అభ్యంతరం లేదని ఫాదర్ చెప్పాడు. ఆ సంగతి నేను అంతకుముందే హైదరాబాదు డాక్టర్‌ని అడిగేశాను. ఈ వెన్నుకు దాంతో పని కాదని ఆయన అప్పుడే చెప్పాడు.

పోట్లాడుతూనే ఆ ఏడు చాలావరకు గడిచింది. ఆ దేశంలో రోగులు ముందుగా పేరు నమోదు చేసుకోవచ్చని తెలిసింది. కోదాడ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని నేను అంతా చూసి పెట్టుకున్నాను. అయితే ఆయన ఒప్పుకుంటేనే చెయ్యాలి. ఆయన ఒప్పుకోకుండా ఆయన ఒంటి మీద సూది కూడా పడనివ్వకూడదనుకున్నాను. రోజూ అడిగేదాన్ని. "మేడం, పాఠం అయిందా?" అని జపమాల చేతిలోకి తీసుకునేవాడు.

ఒకరోజు సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి ఇంటి తలుపు బార్లా తీసి ఉంది, లోపల చప్పుడు లేదు. మధ్యాహ్నం కొడుకును తిప్పుతూ తిప్పుతూ మా అత్త నడుము పట్టేసి అక్కడికక్కడే కూలబడిపోయింది. లేవలేకపోయింది. ఆమె నేల మీద, ఈయన మంచం మీద. పక్క మార్చే మనిషి లేక ఆయన ఒక వైపే ఉండిపోయాడు, చెయ్యి చాపితే తల్లి తల దాకా మాత్రమే అందుతోంది. ఆమె నోట్లో చుక్క నీళ్లు లేవు. కేకలేస్తే మిల్లుల మోతలో ఎవరికీ వినపడలేదు. ఈయన ఆ మధ్యాహ్నమంతా తల్లి జుట్టు మీద చెయ్యి వేసి పడుకున్నాడు.

అత్తను లేపి కూర్చోబెట్టాక, ఆయన్ను తిప్పి చూస్తే వెన్ను కింద పాత పుండు మళ్లీ నోరు తెరుచుకుని ఉంది, లోపల తెల్లగా ఎముక. నేను కడుగుతుంటే గోడవైపు చూస్తూ అన్నాడు.

"సరే. పేరు రాయించు."

నేను చేతిలోని దూది గిన్నెలో వేశాను.

"గని ఒక్కటి" అన్నాడు. "దానికి కూడా నీళ్లు పోయాలె. ముందు నీళ్లు పోసి, అటెన్క పలగ్గొట్టుండ్రి. గా డాక్టర్లకు చెప్పు."

"ఎట్ల పోస్తరయ్యా? సూది మొనంత ఉంటది. ఒక్క చుక్క పోస్తే అండ్ల మునిగిపోతది."

"మునగనీ. నీళ్లల్ల ముంచినా జ్ఞానస్నానం చెల్లుతదని మా నాయన చెప్పిండు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను. ఆయన మనసులో ఒక్క పిసరు కూడా మారలేదు. అది ప్రాణమేనని ఆయన నమ్మకం అట్లాగే ఉంది. తల్లి నేల మీద పడి ఉంటే చూడలేక, ఆ ప్రాణాన్ని తీయడానికి ఒప్పుకున్నాడు. నేను గెలవలేదు. మరుసటి రోజు కోదాడలో పేరు నమోదు చేశాను. నమోదు చేసినందుకు నాకు అప్పుడూ సిగ్గు లేదు, ఇప్పుడూ లేదు.

ప్రతి నెలా మొదటి శుక్రవారం మంచం పట్టినవాళ్లకు ఆ కేరళ సిస్టరే ఇంటికి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరమని ఇచ్చే అప్పం, తెచ్చేది. మా ఇంట్లో ఆ పొద్దున అత్త స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి పెట్టి, కొడుకు తల దువ్వేది. నెలలో మిగతా రోజుల్లో గడ్డం గీసుకోకపోయినా ఆ రోజు గీయించుకునేవాడు. ఆయనకు నెలంతటికీ అదొక్కటే పండుగ. పేరు నమోదయ్యాక వచ్చిన శుక్రవారం గడ్డం గీయించుకోలేదు. సిస్టర్ అప్పం ఎత్తి పట్టుకుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెద్ద పాపం మనసులో ఉండగా అది తీసుకోకూడదని మాకు కట్టడి.

"వద్దు సిస్టర్. నేనొకదానికి ఒప్పుకున్న."

విషయం విని సిస్టర్ కొవ్వొత్తి ఆర్పేసి, అది చేతిలో పట్టుకునే బయటికి వెళ్లిపోయింది. ఫాదర్ వచ్చాడు. ఇంకా ఏమీ జరగలేదు కదా నాయనా అన్నాడు. మనసులో ఒప్పుకుంటే అయినట్టేనని మీరే కదా ఫాదర్ చెప్పింది అన్నాడు ఈయన. ఉపదేశి కొడుకుతో వాదించడం ఎవరి తరం? ఆ నెల నుంచి సిస్టర్ వచ్చి, కూర్చుని, ఒక జపం చెప్పి, ఉత్తచేతులతో వెళ్లేది. ఈయన మాత్రం రోజూ జపమాల మానలేదు. ఆకలైన మనిషి వంటింటి వాసన పీల్చుకుంటూ బయట కూర్చున్నట్టు ఉండేది ఆయన పని.

ఆ క్రిస్మస్ దాటాక బయటపడింది. అంతా అబద్ధమట. ఆ దేశం శాస్త్రవేత్త చేశానన్న కణాల్లో రోగుల కణాలు ఒక్కటీ లేవట. ఫోటోలు దొంగవి, లెక్కలు దొంగవి. కోదాడ బస్టాండులో పేపరు కొని, నిలబడి, పైనుంచి కిందికి చదివాను. ఎవరినో పట్టుకుని కొట్టాలనిపించింది. చుట్టూ చెరుకు రసం బండి, జామకాయలమ్మే ఆమె, విజయవాడ బస్సు కోసం చూసే జనం తప్ప ఎవరూ లేరు. ప్రపంచమంతా పేరున్న పత్రికల్లో అచ్చు వేసినవాళ్లు, దాన్ని సరిచూశామన్నవాళ్లు, ఒక్కడికీ తెలియలేదా? గొర్ల కాపరి పిల్లలకు సైన్సు అబద్ధమాడదని నేను బల్లగుద్ది చెప్పేదాన్ని.

ఆయనకు చెప్పడానికి కొన్ని రోజులు పట్టింది. చెప్పాక చాలాసేపు నవ్వాడు, పొట్ట కింద కదలని నవ్వు.

"మరి నేను దేనికి ఒప్పుకున్నట్టు?" అన్నాడు.

"దేనికీ లేదు. అసలు అదే లేదు. ఇగ ఆ సంగతి ఖతం. ఫాదర్‌ను పిలుస్త, పాపసంకీర్తనం చేస్కో, శుక్రవారం అప్పం తీస్కో."

"ఏమని చెప్పాలె?"

"తప్పైందని."

"కాలేదు గదా" అన్నాడు. "రేపు నిజంగ దొరికిందనుకో. అవ్వ మళ్ల గట్ల కింద పడ్డదనుకో. మళ్ల ఒప్పుకుంట. లోపల అది పెట్టుకుని తప్పైందంటే, దేవునికి అబద్ధం చెప్పినట్టే అయితది. గా సైంటిస్టు చేసిన పనే గదా అది గూడ."

ఫాదర్ బతిమాలాడు. కొంచెం బాధ ఉన్నా చాలు, నరక భయం ఉన్నా చాలు, దేవుడు దాన్నే తీసుకుంటాడు అన్నాడు. భయం లేదు ఫాదర్, ఇంతకంటే ఏముంటది అన్నాడు ఈయన. మా అత్త కొడుకు కాళ్ల మీద పడింది. ఆ కాళ్లకు ఆమె తగిలినట్టు కూడా తెలియలేదు. లేని కణాల కోసం, ఎవడో ఆడిన అబద్ధం కోసం, ఆయన తన చేతిలో ఉన్న ఒక్కదాన్నీ పోగొట్టుకున్నాడు. పోగొట్టుకున్నది మాత్రం నిజం.

తర్వాతి ఏడు నాకు సూర్యాపేట బదిలీ అయింది. కిరాయి ఇల్లు తీసుకుని ముగ్గురం అక్కడికి మారాం. కొత్త విచారణలో ఆయన ఎందుకు సత్ప్రసాదం తీసుకోడో ఎవరికీ తెలియదు, మేమూ చెప్పలేదు. 2008 వానాకాలంలో మూత్రపిండాలకు చీము పట్టింది. జ్వరం దిగలేదు. సూర్యాపేట దవాఖానలో చేర్చిన రెండో రోజుకు పిలిస్తే పలకడం మానేశాడు.

ఆ ఊరి ఫాదర్ ముసలాయన. అత్త కబురు పెడితే వర్షంలో తడుస్తూ వచ్చాడు. ఆయన వచ్చేసరికి నర్సు మణికట్టు పట్టుకుని చూస్తోంది, దొరుకుతోందో లేదో చెప్పలేకపోతోంది, డాక్టర్ కోసం మనిషిని పంపింది. ఫాదర్ ఆగలేదు. చావు దగ్గరున్నవాళ్లకు పూసే తైలం డబ్బీ మూత తీసి, నుదుటి మీద బొటనవేలు పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"నీకు ప్రాణముంటే" అని మొదలుపెట్టాడు.

స్టీలు గిన్నె, తెల్లగుడ్డ, సీసాలో నీళ్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఫాదర్ చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉంటే ఏంది ఫాదర్? ఉన్నడా లేడా?"

"నాకు తెలుస్తలేదు బిడ్డా" అన్నాడు ఆయన, నా మీద కోపం లేకుండా. "తెల్వనప్పుడు ఉన్నట్టే చెయ్యాలె."

చెయ్యి వదిలేశాను. ఆయన నుదుటికీ అరచేతులకూ తైలం రాసి, పాపాలు క్షమించాను అన్నాడు. అడగని మనిషికి, ఒప్పుకోని మనిషికి, ఉన్నాడో లేడో తెలియని మనిషికి. తర్వాత డాక్టర్ వచ్చి ఎప్పుడో పోయాడన్నాడు. తైలానికి ముందా, తర్వాతా అని అత్త అడిగింది. డాక్టర్‌కు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఆమె చచ్చేదాకా అదే అడిగింది, నన్ను, గోడను, మరియమాత పటాన్ని. జువాలజీ చదివినదాన్ని కదా, నేనైనా చెబుతానని ఆమె ఆశ.

మిర్యాలగూడ తీసుకుపోయి, గోడ లోపల, ఆ ఇటుక ముక్క పక్కనే పెట్టాం.

విశ్వాసమూ సైన్సూ ఎక్కడో ఒకచోట కలుస్తాయని ఇప్పటికీ కొందరు నాతో అంటారు. కాలేజీలో అంటారు, గుడిలో అంటారు. కలవనీ, నాకేం. నేను చూసినంతలో రెండూ ఒక మంచం దగ్గరికి వచ్చాయి. ఒకటి అబద్ధం చెప్పింది, ఇంకోటి తెలియదని చెప్పింది. రెండూ ఆయన్ను ఒక్క పక్కకు కూడా తిప్పలేదు. తిప్పింది మా అత్త. నేను ఆదివారం గుడికి పోతాను, చివరి బెంచీలో కూర్చుంటాను, అప్పం దగ్గరికి పోను. ఆయన తినకుండా పోయినదాన్ని నేను తినలేను. అంతకు మించిన వేదాంతం నా దగ్గర లేదు.

2013లో మళ్లీ పేపర్లో పడింది. ఈసారి ఇంకో దేశంలో, నిజంగానే చేశారట. మనిషి చర్మం కణం నుంచి పిండం, పిండం నుంచి మూలకణాలు. ఈసారి నమ్మవచ్చని వేరే శాస్త్రవేత్తలు కూడా అంటున్నారట. సూర్యాపేట స్టాఫ్ రూములో ఒక కుర్ర లెక్చరర్ "మేడం, మీ సబ్జెక్టే" అని పేపరు నా ముందు పెట్టాడు. చదివాను. ఇప్పటికైతే ఎవరూ నడవలేదని చివర్లో రాశారు. ఆశా పుట్టలేదు, కోపమూ రాలేదు. మధ్యాహ్నం క్లాసుకు పోయి కప్ప జీర్ణవ్యవస్థ చెప్పాను.

ఆ నవంబర్ రెండున మిర్యాలగూడ పోయాను. పెద్దదానికీ చిన్నదానికీ సున్నం వేసి, కొవ్వొత్తులు పెట్టాను. గాలికి పెద్దదాని మీద కొవ్వొత్తి ఆరుతూనే ఉంది, వెలిగిస్తూనే ఉన్నాను. పేపర్లోది ఆయనకు చెప్పాలనిపించి, పక్కవాళ్లు వింటారని కూడా చూడకుండా పైకే చెప్పాను. ఈసారి అబద్ధం కాదయ్యా, నిజంగనే చేసిండ్రట అని. నడుము సంగతి ఆయన అడగడని నాకు తెలుసు. ఆయన ఉంటే అడిగేది ఒక్కటే, వాటికి ఎవరన్న నీళ్లు పోసిండ్రా అని. పేపరంతా రెండుసార్లు చదివాను. ఆ ముక్క ఎక్కడా లేదు.